పందెపు పలుకుబడి

విశాఖపట్టణానికీ విజయనగరానికీ నడుమ ఉన్న కొత్తవలస కూడలి ఊరు. కిరండూలు గనుల ఇనుపరాయి తూర్పు కనుమలు దిగి వచ్చి పెద్ద రైలుమార్గాన్ని కలుసుకొనేది అక్కడే. ప్రొద్దుటిపూట చదువులకూ కొలువులకూ విశాఖ పోయేవారితో ఆ స్టేషను నిండి ఉంటుంది. రైలు ఆలస్యమైనప్పుడు కుర్రవాళ్ళ ముచ్చట్లు ప్రక్కవారి చెవిని పడక మానవు. క్రికెట్ రోజులలో ముచ్చటంతా క్రికెట్టే; అందులో వింత లేదు. వింత ఏమంటే, ఆ ముచ్చట నడిచే భాష మారిపోయినది. ఎవరు గెలుస్తారని అడగడం తగ్గి, రేటు ఎంత పలుకుతున్నదని అడగడం హెచ్చినది. ఆటగాని పేరు కంటె ముందు ఒక అంకె వినబడుతున్నది. ఫేవరెట్, ఆడ్స్, సెషన్, లగాయి, ఖాయి అనే మాటలు, పప్పు, బెల్లం ధరలు చెప్పుకొన్నంత తేలికగా నోట నోట దొర్లుతున్నవి. ఇది కొత్తవలస ఒక్కదాని సంగతి కాదు. బొబ్బిలిలోనూ ఇదే, నరసన్నపేటలోనూ ఇదే, తెనాలిలోనూ ఇదే. చేతిలో ఫోను, ఎదుట ఖాళీ సమయం ఉన్న ప్రతిచోటా ఇదే.

అదే రైలుకు అదే స్టేషనులో ఎక్కే మాస్టారు ఒకరు ఉండనే ఉంటారు. ఆయనకు ఈ మాటలు వినబడతాయి, అర్థం కావు. ఒక రకం మాస్టారు కసిరి ఊరుకుంటారు. మరొక రకం వారు వినబడనట్లు పత్రికలో తల దూర్చుకుంటారు. ఈ రెండింటి వలన ఒకటే ఫలితం: కుర్రవాడు తన సందేహాన్ని మరెవరినో అడుగుతాడు. ఆ మరెవరో చాలా తరచుగా పందెం కట్టించుకొనేవాడే అయి ఉంటాడు. నేటి స్థితి ఏమిటంటే మాస్టారికి లెక్క వచ్చును, మాట రాదు. కుర్రవానికి మాట వచ్చును, లెక్క రాదు. ఈ రెండూ ఒకచోట చేరకుండా ఉన్నంతవరకు మూడవవాని వ్యాపారం నిక్షేపంగా సాగుతుంది.

పలుకుబడి అంటే తెలుగులో మాట తీరు అని అర్థం. ఇతరులపై చెల్లే అధికారం అని కూడా అర్థం. పందెపు మాటలకు రెండవ అర్థంలో కూడా పలుకుబడి ఏర్పడినది. అందుకే వాటిని పాఠశాలలో, పట్టపగలు, నల్లబల్ల మీద విప్పి చూపవలసి ఉన్నది.

పందెం తెలుగువానికి కొత్త కాదు. పల్నాటి వీరుల కథలో నాయకురాలి పక్షానికీ బ్రహ్మనాయుని పక్షానికీ జరిగిన కోడిపందెం ఒక రాజ్యపు భాగ్యాన్ని త్రిప్పినది; ఓడినవారు ఏడేండ్లు వలస పోవలసి వచ్చినది. ఓరుగల్లు వీధుల వినోదాలను వర్ణించిన క్రీడాభిరామంలో కోడిపందెమూ పొట్టేళ్ళ పోరూ ఉన్నవి. పందెం, పణం, ఒడ్డు, జూదం, జూదరి – మాటలకు కొదువ లేదు. గోదావరి జిల్లాల సంక్రాంతి బరులలో బరి చుట్టూ నిలిచినవారు తమలో తాము కాసుకొనే దానికి పై పందెం అని చక్కని పేరు ఉన్నది. ఈ మాటల గుణం ఏమిటంటే, ఇవి పోయేదాన్ని ముందు చెబుతాయి. ఒడ్డడమంటే ఉన్నదాన్ని ఎదుట పెట్టడం. పణమంటే చేజారడానికి సిద్ధపడిన సొమ్ము. ఇంగ్లీషు నుండి వచ్చిన ఆడ్స్ అనే మాట చెవికి ఒడ్డు వలెనే తోచవచ్చును గాని చుట్టరికం ఏమీ లేదు. ఒడ్డు పోగొట్టుకొనే సొమ్మును చెబుతుంది. ఆడ్స్ రాబోతుందని ఆశ పెట్టే సొమ్మును చెబుతుంది. పాత మాట జేబు వైపు చూస్తే, కొత్త మాట ఆకాశం వైపు చూస్తున్నది.

ధర్మశాస్త్రాలు మరొక చక్కని భేదం చెప్పినవి. పాచికల వంటి ప్రాణం లేని వాటితో ఆడేది ద్యూతం. ప్రాణులను పోటీ పెట్టి వాటిపై పణం కాసేది సమాహ్వయం. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలో ఈ విభజన స్పష్టంగా ఉన్నది. ఆ లెక్కన నేటి క్రికెట్ పందెం ద్యూతం కాదు, సమాహ్వయం. అంటే బరిలో కోడి, పొట్టేలు నిలిచిన చోట పదకొండుమంది ఆటగాళ్ళు నిలిచి ఉన్నారన్నమాట. ఆటగాళ్ళను ఆరాధించే కుర్రవాడు ఈ ఒక్క సంగతి కాస్త ఆలోచించవలసినది.

ఇక మాటల లెక్కకు రావచ్చును. ఆడ్స్ అంటే పందెపు ధర. అది మూడు వేషాలలో తిరుగుతుంది. ఇంగ్లండు గుర్రపు పందేల సంప్రదాయంలో 5/2 అంటారు: రెండు రూపాయలు ఒడ్డితే, గెలిచినప్పుడు అయిదు రూపాయల లాభం, ఒడ్డిన రెండూ వెనక్కు. దీనినే ఐరోపా పద్ధతిలో 3.50 అని దశాంశంలో వ్రాస్తారు: రూపాయి ఒడ్డితే అసలుతో కలిపి మూడున్నర చేతికి వస్తుంది. అమెరికావారు దీనినే +250 అంటారు: నూరు ఒడ్డితే లాభం రెండు వందల యాభై. ధర ఒక్కటే, చొక్కాలు మూడు. వేషం మార్చి ధర హెచ్చినట్లు భ్రమ పెట్టడానికి ఇదొక వీలు. కాబట్టి విద్యార్థి మొదట నేర్చుకొనవలసినది ఏ వేషంలో ఉన్న ధరనైనా దశాంశంలోకి మార్చడం. తరువాత ఒకటిని ఆ దశాంశంతో భాగించడం. 3.50 అయితే సుమారు 0.286 వస్తుంది. అంటే ఈ పక్షం నూటికి 28 లేక 29 మార్లు గెలుస్తుందన్న అంచనా మీద ఆ ధర కట్టబడినదని అర్థం. ధరలో దాగిన సంభావ్యత ఇదే. ఈ ఒక్క భాగహారం చేయగలిగినవానికి పందెపు భాషలో సగం తెలిసినట్లే.

మిగిలిన సగం ఇంతకంటె ముఖ్యమైనది. రెండు పక్షాలూ సరిసమానమైన ఆట ఒకటి ఉన్నదనుకొనవచ్చును. న్యాయమైన ధర రెండింటికీ 2.00 ఉండవలెను. కాని పందెం కట్టించుకొనేవాడు రెండింటికీ 1.90 చొప్పున కడతాడు. ఒకటిని 1.90తో భాగిస్తే 52.63 శాతం వస్తుంది. ఇరుపక్షాలకూ కలిపితే 105.26. లోకంలో ఏ ఆటలోనైనా సంభావ్యతల మొత్తం నూరు కావలెను గదా! ఆ నూటికి పైన ఉన్న 5.26 ఎక్కడిది? అది బుకీ ఇంటి భోజనం. ఇంగ్లీషులో దీనికి ఓవర్‌రౌండ్ అనీ మార్జిన్ అనీ పేర్లున్నవి. తెలుగులో తరుగు అంటే చాలును. ధాన్యం అమ్మినప్పుడు తూకంలో తీసే తరుగు ఎట్టిదో రైతుబిడ్డకు ఒకరు చెప్పనక్కరలేదు. ధరలో తీసే తరుగు మాత్రం అంకెల మాటున ఉండి కంటికి కనబడదు.

ఈ తరుగు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. జూదం అతడు ఏర్పాటు చేసిన చోటనే జరగవలెను. వేరొక చోట ఆడితే పన్నెండు పణాల దండుగ. గెలిచిన సొమ్ములో నూటికి అయిదు అతడు తీసుకుంటాడు. పాచికల అద్దె, స్థలం, నీరు వగైరాల రుసుము దానికి అదనం. యాజ్ఞవల్క్య స్మృతి జూదశాల నడిపేవానిని సభికుడు అన్నది. నూరు, అంతకు మించిన గెలుపుపై నూటికి అయిదు, అంతకు లోపలిదైతే నూటికి పది సభికునికి చెల్లవలెనని మితాక్షర వివరణ. ఇప్పుడు 1.90 ధరను ఈ తూనికలో పెట్టి చూడవచ్చును. ఇద్దరు చెరి నూరు ఒడ్డినారు. ఓడినవాని నూరులో గెలిచినవానికి తొంభై వచ్చినవి, పది మధ్యవానికి పోయినవి. అంటే చిల్లర జూదరుల వద్ద సభికుడు తీసుకొన్న నూటికి పదినే నేటి యంత్రం చిన్నా పెద్దా అందరి వద్దా తీసుకుంటున్నది. కౌటిల్యుని రేటు రావలెనంటే ధర 1.95 ఉండవలెను. రెండువేల యేండ్లలో బేరం మెరుగుపడలేదన్నమాట. ఒక్క తేడా మాత్రం ఉన్నది: నాటి సభికుడు తన వాటా ఎంతో అందరికీ తెలిసేటట్లు తీసుకొన్నాడు.

గణితం మాస్టారికి ఇక్కడ పండుగ వంటి పాఠం దొరుకుతుంది. తరగతిలో పదహారుమంది పిల్లలను నిలబెట్టి, తలకొక నూరు రూపాయల కాగితపు నోటు ఇచ్చి – నిజమైన నోటు కాదు సుమా – ఎనిమిదిమందిని ఒక పక్షాన, ఎనిమిదిమందిని రెండవ పక్షాన ఒడ్డమనవలెను. వసూలు 1600. ఎవరు గెలిచినా ఎనిమిదిమందికి 190 చొప్పున 1520 చెల్లును. 80 రూపాయలు బల్ల మీద మిగిలిపోవును. ఆ 1520ని మరల ఇరుపక్షాలకూ సమంగా పంచి ఒడ్డితే 1444. ఇట్లే ఐపీఎల్ లీగులో ఒక జట్టు ఆడే ఆటలు పద్నాలుగు. పద్నాలుగవ ఆట ముగిసేసరికి తరగతి మొత్తం సొమ్ము సుమారు 780. సగానికి సగం కరిగినది. ఈ పద్నాలుగు ఆటలలో ప్రతిసారీ ఎనిమిదిమంది గెలిచి కేకలు వేసినారు. ఆ కేకల మధ్య సొమ్ము ఎక్కడికి పోయినదో ఎవరికీ తెలియలేదు. దీనిని కనిపెట్టడానికి క్రికెట్ జ్ఞానం అక్కరలేదు. ఎవరు గెలిచినారన్నది ఈ లెక్కలోకి రానే రాలేదు.

ఇక గొలుసు పందెం. నాలుగు ఆటల ఫలితాలను ఒకే చీటీ మీద చెప్పడం. నాలుగూ నిజమైతేనే సొమ్ము. దీనిని అక్యుములేటర్ అంటారు, పార్లే అని కూడా అంటారు. 1.90ని నాలుగుసార్లు గుణిస్తే 13.03. నూరు రూపాయలకు 1303 అంటే కుర్రవాని కన్ను మెరుస్తుంది. నాలుగు ఆటలకు ఫలితాల కూర్పులు పదహారు. ఆ పదహారుమంది పిల్లలకు తలకొక కూర్పు పంచితే ఒకడు గెలిచి తీరుతాడు. వసూలు 1600, గెలిచినవానికి 1303, మిగులు 297. విడి పందెంలో 80 తిన్న బల్ల గొలుసు పందెంలో 297 తిన్నది. ధరతోపాటు తరుగు కూడా గుణింపబడుతుందని ఏ ప్రకటనలోనూ వ్రాయరు. గెలిచిన ఆ ఒక్క కుర్రవాడు ఊరంతా చెబుతాడు, పదిహేనుమంది నోరు మెదపరు. పందెపు వ్యాపారానికి ఈ మౌనం పెద్ద పెట్టుబడి.

లగాయి, ఖాయి అనేవి హిందీ సీమ బుకీల నుండి వచ్చిన మాటలు. బలమైన పక్షానికి 45–47 పైసలు అని ధర చెబుతారు. ఆ పక్షంపై నూరు పెడితే గెలిచినప్పుడు 45 లాభం, ఇది లగాయి. ఆ పక్షం గెలవదని కాసేవాడు 47 ఒడ్డితే నూరు లాభం, ఇది ఖాయి. రెండు పైసల ఎడమే కదా అనిపిస్తుంది. బుకీకి అదే జీవనం. సెషన్ అంటే ఇన్ని ఓవర్లలో ఇన్ని పరుగులు వచ్చునా రావా అన్న పందెం. హ్యాండికాప్ అంటే బలహీన పక్షానికి కొన్ని పరుగులో గోలులో ముందుగానే ఇచ్చినట్లు భావించడం. ఓవర్, అండర్ అంటే మొత్తం ఒక అంకెకు పైనా, క్రిందా అన్నది. ఆ అంకె చాలాసార్లు 45.5 అని అరతో ముగుస్తుంది. ప్రపంచంలో ఏ బ్యాట్స్‌మన్ కూడా ఇంతవరకు అరపరుగు తీసి ఎరుగడు. ఫలితం సమమై సొమ్ము తిరిగి ఇవ్వవలసిన అవస్థ రాకుండా ఆ అర అక్కడ కాపలా ఉన్నది.

బోనస్ అనే మాటను మాత్రం ఇంత తేలికగా దాటిపోరాదు. వెయ్యి రూపాయలు ఊరకనే ఇస్తామంటారు. దానిని చేతికి తీసుకొనేముందు పదిరెట్లు పందెం కాయవలెనని క్రింద చిన్న అక్షరాలుంటాయి. అంటే పదివేల పందెం. నూటికి అయిదు చొప్పున తరుగు పోతే, ఆ వెయ్యిలో అయిదువందలు సగటున వచ్చిన దారినే పోతుంది. మిగిలినది పోవడానికి ఎక్కువ కాలం పట్టదు. అప్పటికి ఆడే అలవాటు పడి ఉంటుంది.

అప్పు సంగతి ఇంతకంటె కఠినం. శూద్రకుని మృచ్ఛకటికం రెండవ అంకంలో సంవాహకుడు పది సువర్ణాలు ఓడి, చెల్లించలేక పరుగెత్తుతాడు. తన అడుగుజాడలు ఎదురు దిశలో కనబడేటట్లు వెనుకకు నడిచి, విగ్రహం లేని గుడిలో దూరి తానే విగ్రహమై నిలుస్తాడు. తరిమి వచ్చిన సభికుడు మాథురుడు అక్కడే కూర్చుండి తోటివానితో పాచికలు వేస్తాడు. ఆ చప్పుడుకు విగ్రహం నిలువలేకపోయినది! నవ్వు పుట్టించే ఘట్టమే. అయినా జూదరి మనస్సు గురించి ఇంత నిజం చెప్పిన ఘట్టం మరొకటి అరుదు. పోయినదాన్ని రాబట్టుకొనవలెనన్న తహతహకు నేటి మాట చేజింగ్. ఓడిన చోటనే మరల ఒడ్డడం, ముందటికంటె ఎక్కువ ఒడ్డడం దాని లక్షణం. సంవాహకుడు గుడిలో దాగుకొన్నాడు. పాచికల చప్పుడు అతనిని వెదుక్కుంటూ వచ్చినది. ఫోనులోని చప్పుడు కూడా అట్లే అర్ధరాత్రి దిండు క్రిందికి వస్తున్నది. పరీక్ష రుసుముకు ఇంట్లో ఇచ్చిన డబ్బు అందులో పడిన కుర్రవాడు మొదట దాచేది అప్పును కాదు, సిగ్గును. ఆ మాటలు ఎరిగిన మాస్టారు ఒకరున్నారని తెలిసి ఉంటే, వాడు నోరు విప్పడానికి ఒక చోటు దొరికేది.

సంభావ్యత అంటే జోస్యం కాదన్న సంగతి కూడా తరగతిలో చెప్పవలసినదే. దీనికి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి కంటె మంచి ఉదాహరణ అక్కరలేదు. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో ఆమె 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తినది. మొదటి రెండు స్థానాలవారు ఎత్తినది 242.5. చివరి ప్రయత్నానికి ఆమె 137.5 కోరినది; అది నిలిచి ఉంటే స్వర్ణం. నిలువలేదు, కాంస్యం వచ్చినది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ ఆమె. ఆ చివరి ఎత్తుకు ముందు ఎవడో ఒక ధర కట్టగలడు. నూరుసార్లు ఎత్తితే ఇన్నిసార్లు నిలుస్తుందని అంచనా వేయగలడు. కాని ఆమె ఎత్తేది నూరుసార్లు కాదు, ఒక్కసారి. ఆ ఒక్కసారిని చూడడమే క్రీడను చూడడం. చీటీ జేబులో పెట్టుకొన్నవానికి ఆ ఎత్తులో కనబడేది తన నూరు రూపాయలు మాత్రమే.

ప్రాణులే పాచికలైన చోట పాచికలో సీసం పోయడం కూడా సాధ్యమే. 2000 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా జట్టు నాయకుడు హాన్సీ క్రోనే పందెగాళ్ళ సొమ్ము తీసుకొన్నట్లు ఒప్పుకొన్న నాడు క్రికెట్ లోకం నివ్వెరపోయినది. అదే సంవత్సరం డిసెంబరులో, హైదరాబాదు నుండి ఎదిగి భారత జట్టుకు నాయకుడై 99 టెస్టులు ఆడిన మహమ్మద్ అజహరుద్దీన్‌పై క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం విధించినది. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నది. 2010లో లార్డ్స్ మైదానంలో ముందే కుదుర్చుకొన్న నోబాళ్ళకు ముగ్గురు పాకిస్తాన్ ఆటగాళ్ళు మరుసటి ఏడు లండనులో జైలు పాలైనారు. ఆట ఫలితం మార్చితే ఫిక్సింగ్. ఒక బంతి, ఒక ఓవరు మాత్రం అమ్మితే స్పాట్ ఫిక్సింగ్. రెండవది పుట్టడానికి కారణం సెషన్ వంటి చిల్లర పందేలే. ఒక బంతికి ధర కట్టినప్పుడు ఆ ఒక బంతిని కొనేవాడు కూడా పుడతాడు.

ఈ మాటలు నేర్పితే పిల్లలు చెడిపోరా అన్న ఆక్షేపణ సబబైనదే, తోసిపుచ్చదగినది కాదు. ఎరుగనివానికి ఎరుక కలిగించి చెడగొట్టినవాడ నవుతానేమోనని మంచి ఉపాధ్యాయుడు జంకడం సహజం. అయితే పాఠశాల ఇదివరకే ఈ త్రోవలో చాలా దూరం నడిచి ఉన్నది. విజయనగరపు గురజాడ కన్యాశుల్కంలో పేకాట సన్నివేశం ఉన్నది. అది చదివి పేకాటలో పడినవాడు కనబడడు. పదవ తరగతి గణితంలో సంభావ్యత పాఠానికి ఆధారమే నాణెం, పాచిక, 52 పేకముక్కలు. ఆ శాస్త్రం పుట్టినదే జూదపు ప్రశ్న నుండి: ఆట మధ్యలో ఆగితే పణాన్ని ఎట్లు పంచుకొనవలెనని 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు వ్రాసుకొన్నారు. పిల్లలకు పాచిక చూపి, దాని ధరను మాత్రం దాచడం వలన మేలు ఏమీ కనబడదు.

ఈ విషయంలో ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వంలోని నలుని కథ మరల చదువదగినది. పుష్కరునితో పాచికలాడి రాజ్యం పోగొట్టుకొన్న నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుని రథం తోలుతున్నాడు. దారిలో ఒక తాండ్రచెట్టు కనబడినది. ఋతుపర్ణుడు దాని ఆకులూ కాయలూ ఇన్ని అని చూచి చెప్పినాడు. నలుడు నమ్మక చెట్టు పడగొట్టి లెక్కించినాడు, లెక్క సరిపోయినది. ఆశ్చర్యపడి, తన అశ్వహృదయ విద్యను ఇచ్చి అతని అక్షహృదయ విద్యను పుచ్చుకొన్నాడు. ఆ విద్య వచ్చిన క్షణంలోనే కలి నలుని దేహం విడిచి ఆ చెట్టును ఆశ్రయించినాడు. పూర్వకాలపు పాచికలు తాండ్రకాయలే అన్నది గుర్తు చేసుకుంటే ఈ కథలోని మర్మం ఇంకా విప్పుకుంటుంది. జపం వలన కాదు, ఉపవాసం వలన కాదు, కలి పోయినది గణనం వలన.

ఇక్కడ చురుకైన విద్యార్థి ఒకడు లేచి, నలుడు ఆ విద్యతోనే మరల జూదమాడి రాజ్యం గెలిచినాడు కదా మాస్టారూ అని అడుగవచ్చును. అడగవలెను కూడా. జవాబు ఉన్నది. నలుడు ఆడినది పుష్కరుడనే మరొక ఆటగానితో. నడుమ తరుగు తీసే బల్ల లేదు. కాబట్టి లెక్క ఎరిగినవాడు లెక్క ఎరుగనివానిని గెలువవచ్చును. 1.90 ధర ముందు కూర్చున్నవాడు ఆడుతున్నది ఎదుటి ఆటగానితో కాదు, ఆ తరుగుతో. ఆటగాళ్ళను బాగుగా ఎరిగిన నిపుణుడు కొంతకాలం దానిని మించవచ్చును; అట్టివాడు పదిహేనేండ్ల వయస్సులో, రైలు కోసం నిలుచుండి, ఫోనులో తయారు కాడు.

నిపుణుడు అన్న మాట వచ్చినది గనుక దాని చరిత్ర కొంత చెప్పవలెను. 1967లో సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని రమ్మీ వ్యవహారంలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన అప్పీలుపై సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, రమ్మీలో నైపుణ్యానిదే ప్రధాన పాత్ర అన్నది. 1996లో గుర్రపు పందేల గురించి కూడా అదే మాట అన్నది. ఫోను యుగంలో ఈ నైపుణ్యం అనే మాటకు గొప్ప పలుకుబడి వచ్చినది. డబ్బు కట్టి ఊహాజట్లు కూర్చే సంస్థ పేరు 2023 నుండి భారత క్రికెట్ జట్టు చొక్కా మీదనే ఉన్నది. ఆంధ్రప్రదేశ్ 1974 నాటి తన గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆట తగదన్నది. అట్టి ఆట నడిపేవారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా నిర్ణయించినది. ఆ నెలలోనే చొక్కా మీది పేరు పోయినది. గుర్రపు పందేల వంటి వాటిపై ఒడ్డిన సొమ్ముకు 2025 సెప్టెంబరు నుండి నూటికి 40 వంతున జీఎస్టీ. గెలుపుపై నూటికి 30 ఆదాయపు పన్ను. పై లెక్కలలో ఇవి చేర్చనే లేదు.

చట్టం వచ్చినది గదా, ఇక మాటలెందుకు అనేవారున్నారు. చట్టం యాప్‌ను మూయగలదు. రేటు ఎంత అన్న ప్రశ్నను మూయలేదు. గోడచాటు బుకీకి ప్రకటన అక్కరలేదు, కుర్రవాని నోట ఆ మాట ఉంటే చాలును. చట్టం దాచిన వ్యాపారంలో తరుగు ఎంతో అడిగే దిక్కు కూడా ఉండదు.

కొత్త పుస్తకం అచ్చు కావలసిన పని లేదు. సంభావ్యత పాఠం చివర నాణెం మీది లెక్కలు ముగిసిన తరువాత నల్లబల్ల మీద నాలుగు పంక్తుల చోటు ఉంటే చాలును: సరిసమానమైన రెండు జట్లు, ఒక్కొక్క దానిపై ధర 1.90, పదహారుమంది విద్యార్థులు, తలకు నూరు రూపాయలు. బల్ల మీద మిగిలినది ఎంత? అది ఎవరిది? రెండవ ప్రశ్నకు మార్కులు లేవని చెప్పి, పిల్లలు దానినే ముందు వ్రాస్తారేమో మాస్టారు చూడవచ్చును.